శివుని చెవిని వెతికే మాట: ‘గబ్బిలం’ కావ్యంలో మత విశ్వాసం

ప్రస్తావన

మత విశ్వాసం వ్యక్తికి ఊరట ఇస్తుందనీ, సమాజానికి కట్టుబాటు ఇస్తుందనీ సాధారణంగా చెప్పుకుంటాం. ఈ రెండు ప్రయోజనాలూ ఒకే మనిషి బతుకులో ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏమవుతుంది? సమాజానికి కట్టుబాటుగా ఉన్నదే ఆ మనిషికి సంకెలగా మారినప్పుడు అతని విశ్వాసం ఏ పక్షాన నిలుస్తుంది? ఆధునిక తెలుగు కవిత్వంలో ఈ ప్రశ్నను అత్యంత సూటిగా ఎదుర్కొన్న కావ్యం 1941లో వెలువడిన గుర్రం జాషువా ‘గబ్బిలం’.

ఈ కావ్యాన్ని చదివే పద్ధతులు ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. మొదటిది దీనిని కరుణ రస ప్రధానమైన ఖండకావ్యంగా చూస్తుంది. పేదవాని కన్నీటికి కరిగి, పద్యాల ధారాశుద్ధిని మెచ్చుకొని, అక్కడ ఆగుతుంది. రెండవది దీనిని అస్పృశ్యత మీద తిరుగుబాటుగా చూస్తుంది. ఆ తిరుగుబాటుకు విలువ ఇస్తూనే, నాయకుడు తన మొరను శివునికి పంపడాన్ని కాలానికి లొంగిన బలహీనతగానో, కేవలం కావ్య మర్యాదగానో పక్కన పెడుతుంది. మొదటి పఠనంలో భక్తి మిగిలి ప్రశ్న కరిగిపోతుంది. రెండవ దానిలో ప్రశ్న మిగిలి భక్తి అనవసరమవుతుంది. శివుణ్ణి తొలగిస్తే ఈ కావ్యంలోని ప్రశ్న నిలవదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశీలన కావ్యం మొదటి భాగానికి పరిమితం.

నేరం తెలియని ప్రవాసం

‘గబ్బిలం’ సందేశ కావ్యం. కాళిదాసు ‘మేఘసందేశం’ దీనికి మాతృక అన్నది తెలిసిన విషయమే. ఈ పోలికను రచనా పద్ధతి వరకే చూడటం పరిపాటి. విశ్వాసం అనే కోణం నుంచి చూస్తే రెండు కావ్యాల మధ్య ఉన్న తేడాయే ఎక్కువ విషయం చెబుతుంది.

కాళిదాసు యక్షుడు చేసిన తప్పు అతనికి తెలుసు. శిక్ష విధించినవాడు కుబేరుడని తెలుసు. శిక్ష ఒక సంవత్సరమనీ తెలుసు. అందువల్ల అతని బాధలో ప్రశ్నకు చోటు లేదు, విరహానికే చోటుంది. అతని సందేశం ప్రియురాలికి. జాషువా నాయకుడు ‘అరుంధతీ సుతుడు’. చెప్పులు కుట్టి బతికేవాడు. అతని ప్రవాసం అడవిలో కాదు, తన ఊళ్ళోనే. చేసిన తప్పేమిటో అతనికి తెలియదు. శిక్ష వేసినవాడెవరో స్పష్టంగా తెలియదు. గడువు అసలే లేదు. తండ్రి నుంచి కొడుకుకు వారసత్వంగా వచ్చే శిక్ష అది. ఇటువంటి స్థితిలో ఉన్నవాడి సందేశం ప్రియురాలికి వెళ్ళడంలో అర్థం లేదు. శిక్షకు కారణం చెప్పగలవాని దగ్గరికే అది వెళ్ళాలి. కావ్య సంప్రదాయం శివుణ్ణి అడ్రసుదారుగా చేయలేదు, శిక్ష స్వభావమే చేసింది.

నాయకుని పేరు కూడా ఆలోచించదగినది. వసిష్ఠుని భార్య అరుంధతిని తమ ఆడపడుచుగా చెప్పుకొనే సంప్రదాయం మాదిగ సమాజంలో ఉంది. ప్రతి పెళ్ళిలోనూ వధూవరులకు ఏ నక్షత్రాన్ని చూపిస్తారో ఆ నక్షత్రం పేరుగల తల్లి కొడుకు ఈ నాయకుడు. తల్లిని ఆకాశంలో చూసి నమస్కరించే సమాజం కొడుకును వీధిలో చూసి పక్కకు తొలగుతుంది. మతం లోపలే తన బంధుత్వాన్ని చాటుకొని, ఆ బంధుత్వం పేరుతోనే లెక్క అడగడం ఈ నామకరణంలో ఉంది. అతడు బయటివాడిగా మాట్లాడటం లేదు. ఇంటివాడిగా మాట్లాడుతున్నాడు.

కర్మ మీద ఈశ్వరుని సాక్ష్యం

కావ్యంలో కీలకమైన సన్నివేశం నాయకుడు కర్మ సిద్ధాంతాన్ని ప్రస్తావించే చోటు. పూర్వజన్మ కర్మ అని చెప్పి తన నోరు కట్టేశారనీ, ఆ మాట చాటున స్వార్థపరులు తన తిండి తాము అనుభవిస్తున్నారనీ అతడంటాడు. ఆ వెంటనే గబ్బిలానికి ఒక పని అప్పగిస్తాడు. కర్మ అంటే ఏమిటో, దానికి తనమీద ఈ పగ ఎందుకో ఈశ్వరుని చేతనే రుజువు చేయించమంటాడు.

ఇక్కడ జాషువా చేసిన పని సూక్ష్మమైనది. సాధారణంగా కర్మ సిద్ధాంతమూ ఈశ్వర విశ్వాసమూ ఒకే మతంలోని రెండు అంగాలుగా, ఒకదానికొకటి ఆసరాగా కనిపిస్తాయి. జాషువా ఆ రెంటినీ విడదీశాడు. కర్మ సమాజం తనకు చెప్పిన నమ్మకం. ఈశ్వరుడు తాను పెట్టుకున్న నమ్మకం. మొదటిది నోరు కట్టింది. రెండవది నోరు ఇచ్చింది. విడదీసి ఊరుకోకుండా రెండవదానిని న్యాయపీఠం మీద కూర్చోబెట్టి మొదటిదానిని బోనులో నిలబెట్టాడు. యక్షుని విషయంలో శిక్షకు కారణం కథ మొదట్లోనే తెలిసిపోతుంది. ఇక్కడ ‘పూర్వజన్మ’ అనే ఒక జ్ఞాపకం లేని కారణాన్ని చూపిస్తున్నారు. నిందితునికి గుర్తులేని నేరాన్ని మోపినప్పుడు రుజువు చేయవలసిన బాధ్యత మోపినవానిదే. నాయకుడు కోరేది కరుణ అయితే కావ్యం ప్రార్థన అయ్యేది. అతడు కోరేది రుజువు. అందువల్ల ఇది అభియోగ పత్రం.

శివుణ్ణి తొలగించి చదివే పద్ధతిలో పోయేది ఇదే. ఈశ్వరుడు లేకపోతే కర్మను ప్రశ్నించేది హేతువు మాత్రమే. హేతువుతో కర్మను కాదనడం సాధ్యమే, అవసరమే. కానీ కర్మను నమ్మే పాఠకుడు ఆ వాదాన్ని నాస్తికుని మాటగా తోసిపుచ్చగలడు. ఈశ్వరుణ్ణి సాక్షిగా పిలిచినప్పుడు తోసిపుచ్చడం అతనికి అంత సులభం కాదు. తాను రోజూ పూజించే దేవుణ్ణే ఎదుటి పక్షం సాక్ష్యానికి పిలిచింది.

విగ్రహాల పెళ్ళిళ్ళకు వందలు, వేలు ఖర్చుపెట్టే దేశం బిచ్చగాని ఖాళీ పాత్రలో మెతుకు విదల్చదని నాయకుడు వాపోయే చోట కూడా ఈ తర్కమే పని చేస్తుంది. కల్యాణోత్సవం సమాజం భక్తి. ఖాళీ పాత్ర వ్యక్తి ఆకలి. ఈ రెంటి మధ్య సంబంధం తెగిపోయిందని చెప్పడం దేవుణ్ణి నిందించడం కాదు. దేవుని పేరున సాగే వ్యయానికి లెక్క అడగడం.

నిందాస్తుతితో భేదం

దేవునితో తగవు పెట్టుకోవడం తెలుగు భక్తి సాహిత్యానికి కొత్త కాదు. చెరసాలలో కంచెర్ల గోపన్న రామునితో ఆడిన నిష్ఠూరాలు తెలుగువారి ఇళ్ళలో పాటలుగా నిలిచాయి. ‘గబ్బిలం’ను ఆ నిందాస్తుతి సంప్రదాయానికి కొనసాగింపుగా చూడవచ్చా? కొంతవరకు చూడవచ్చు. దేవునితో చనువు, అధికారంతో అడగడం రెండు చోట్లా ఉన్నాయి.

తేడా మూడు విషయాల్లో ఉంది. గోపన్న నిష్ఠూరం తన సొంత కష్టం గురించి. అరుంధతీ సుతుని మాట తనవంటి వారందరి గురించి. గోపన్న దెబ్బలకు ఓర్వలేక తిట్టానని చివరికి మన్నింపు కోరుకుంటాడు. అరుంధతీ సుతుని ప్రశ్న అలాంటి మన్నింపుతో ముగిసేది కాదు, దానికి జవాబే కావాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది మూడవది. గోపన్నకు దేవుడు చెరసాలలో కూడా దగ్గరే ఉన్నాడు, మధ్య ఇంకెవరూ లేరు. అరుంధతీ సుతునికీ దేవునికీ మధ్య గుడి ఉంది, గుడికి గడప ఉంది, గడప దగ్గర పూజారి ఉన్నాడు. అందుకే అతనికి దూత కావలసి వచ్చింది. భక్తి సాహిత్యంలోని నిందాస్తుతికి దూత అవసరం ఉండదు. దూత అవసరం కావడమే ‘గబ్బిలం’లోని సామాజిక విషయం.

పూర్వపు శివుడు, నేటి పూజారి

ఆ దూత గబ్బిలం. ఇంట్లోకి వస్తే అశుభమని తరిమేసే జీవి. పక్షీ కాదు, పశువూ కాదు, ఏ జాతిలోనూ పూర్తిగా ఇమడదు. అయినా గుడిలో దానికి చోటుంది. నాయకునికి లేని ఆలయ ప్రవేశం దానికి ఉంది. గుడి కప్పుకు వేలాడేటప్పుడు శివుని చెవి దానికి దగ్గరగా ఉంటుంది కనుక, పూజారి పక్కన లేని సమయం చూసి తన జీవిత కథను ఆ చెవిలో వేయమని నాయకుడు కోరతాడు. కావ్యం మొత్తానికి గుండెకాయ వంటి ఈ సన్నివేశాన్ని తెలుగు శైవ సాహిత్యంలోని రెండు పాత కథల పక్కన పెట్టి చూడాలి.

మొదటిది 13వ శతాబ్దానికి చెందిన పాల్కురికి సోమనాథుని ‘బసవపురాణం’లోని మాదర చెన్నయ్య కథ. చెన్నయ్యదీ తోలుపని చేసే కులమే. అతడు గుట్టుగా శివుణ్ణి కొలుస్తూ తన అంబలిని నివేదిస్తాడు. ఆ అంబలి తాగిన శివుడు చోళ రాజు ఘనంగా పెట్టిన నైవేద్యాన్ని ముట్టుకోడు. కారణం తెలిసిన రాజు చెన్నయ్య ఇంటికి వెళ్ళి అతని పాదాలకు మొక్కుతాడు. ఈ కథలో శివుడే గుడి దాటి గుడిసెకు వచ్చాడు.

రెండవది తిన్నని కథ. ‘బసవపురాణం’లో కన్నప్పగా కనిపించే ఈ బోయ భక్తుణ్ణి ధూర్జటి ‘శ్రీకాళహస్తి మాహాత్మ్యం’లో విస్తరించాడు. లింగానికి మాంసం పెట్టిన ఆ అపచారాన్ని చూసి అర్చకుడు తల్లడిల్లుతాడు. చాటున ఉండి అసలు సంగతి చూడమని శివుడు అతణ్ణి ఆదేశిస్తాడు. తిన్నడు తన కన్ను పెరికి శివునికి అమర్చడం అర్చకుడు కళ్ళారా చూస్తాడు. ఇక్కడ అర్చకుడు సాక్షి. భక్తుని గొప్పతనాన్ని తెలుసుకొనేందుకే అతడు అక్కడ ఉండాలి.

‘గబ్బిలం’లో ఆ అర్చకుడు ఉండకూడదు. చాటుగా ఉండవలసింది భక్తుని మాట. మొదటి కథలో శివుడు భక్తుని ఇంటికి వస్తాడు. రెండవ కథలో భక్తుడు శివుని దగ్గరకు వెళతాడు, పూజారి తలవంచుతాడు. మూడవ చోట భక్తుడు వెళ్ళలేడు, శివుడు రాడు, పూజారి తప్పుకొన్న క్షణం కోసం మాట తల్లకిందులుగా వేలాడుతూ కాచుకోవాలి. దేవుడు ఆ మూడు చోట్లా ఒక్కడే. మారింది దేవునికీ మనిషికీ మధ్య సమాజం కట్టిన నిర్మాణం. జాషువా ఈ పాత కథలను ఉద్దేశించే రాశాడని నిర్ధారించవలసిన పని లేదు. అవి తెలిసిన తెలుగు పాఠకునికి ‘గబ్బిలం’ చదువుతున్నప్పుడు గుర్తుకు వస్తాయి. అంబలి తాగిన శివునికి ఈ చెప్పులు కుట్టేవాని గొంతు ఎందుకు వినబడకుండా పోయిందన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది.

శైవ కథలను ఆదర్శంగా నిలిపేటప్పుడు మరో వైపు కూడా చెప్పాలి. భక్తుడైనవానికి కులం లేదని చాటిన వీరశైవం, భక్తునికీ ‘భవి’కీ మధ్య గట్టి గోడ కట్టింది. జైనుల పట్ల ‘బసవపురాణం’ చూపిన కాఠిన్యం కప్పిపుచ్చదగినది కాదు. విశ్వాసం తన వలయంలోని వారికి సమానత్వం ఇస్తూ, వలయం బయట కొత్త దూరాలను సృష్టించగలదు. కాలక్రమంలో ఆ వలయం లోపలి సమానత్వం కూడా నిలవలేదు. చెన్నయ్య కథ పారాయణంలో మిగిలింది, చెన్నయ్య కులంవాడు గుడి బయటే మిగిలాడు.

ఇద్దరు తండ్రులు, రెండు ఓర్పులు

జాషువా పక్షాన్ని స్పష్టంగా చూడటానికి దగ్గరి కాలానికి చెందిన మరో పాత్ర సహాయపడుతుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922) నవలలోని రామదాసు పరమ భక్తుడు. కొడుకు సంగదాసు హత్యను కూడా వేదాంత నిబ్బరంతో తాళుకుంటాడు. ఆ నిబ్బరాన్ని తక్కువ చేయలేం. అన్నీ కోల్పోయిన మనిషి కుంగిపోకుండా నిలబడటానికి విశ్వాసం ఎంత బలం ఇస్తుందో రామదాసు చూపిస్తాడు. కానీ ఆ బలం హత్యకు కారణమైన వ్యవస్థను కదిలించదు. నవలలో ఆ పని మరో కొడుకు వెంకటదాసు వేరే దారిలో చేపట్టవలసి వచ్చింది. ఉన్నవ విశ్వాసాన్నీ ప్రతిఘటననూ తండ్రికీ కొడుకుకూ విడివిడిగా పంచాడు. జాషువా ఆ రెంటినీ ఒకే మనిషిలో ఉంచాడు. నమ్మేవాడే అడుగుతాడు. అడగగలగడానికి కారణం నమ్మకమే. ఉన్నవ చూపిన విశ్వాసం ఓర్పుకు ఊపిరి, జాషువా చూపిన విశ్వాసం ప్రశ్నకు ఊపిరి. వ్యక్తి జీవితంలో విశ్వాసం చేయగల ఈ రెండు పనులనూ ఒకటిగా కలిపి చెప్పడం వల్ల మత విశ్వాసం మీద జరిగే చర్చలు చాలాసార్లు దారి తప్పుతాయి.

మరో ద్వారం

జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ. పెరిగింది క్రైస్తవ వాతావరణంలో. తెలుగు నేలపై అస్పృశ్యులు మూసిన గుడి తలుపు తట్టడం మాని మరో ద్వారం వెతుక్కున్న చరిత్రకు అతని కుటుంబం వారసురాలు. ఆ చరిత్రలో ముఖ్య ఘట్టం ఒంగోలు ప్రాంతానిది. యోగ సంప్రదాయానికి చెందిన గురువుల దగ్గర సాధన చేసిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సాధకుడు క్రైస్తవం స్వీకరించి తన వారిలో ప్రచారం చేశాడు. 1876-78 నాటి మహా కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని పేదలకు పని కల్పించాడు. కరువు సహాయం సాగుతున్న కాలంలో బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. తిండి కోసమే మతం మారారన్న తేలిక మాటకు ఈ వరుస అంతగా లొంగదు. పేరయ్య కథ చెప్పేది కూడా అదే. ఆకలికి ముందే అతనిలో ఆధ్యాత్మికమైన వెతుకులాట ఉంది. మానవ గౌరవం కోసం తపన ఆ వెతుకులాటలో భాగం.

ఆ మరో ద్వారం గుండా వెళ్ళిన వారికి చదువు వచ్చింది, కొంత గౌరవం వచ్చింది. కులం పూర్తిగా పోలేదు. జాషువా జీవితమే దీనికి సాక్ష్యం. సవర్ణ పండితులు అతని కులాన్ని చూశారు. హైందవ పురాణ గాథలతో కవిత్వం అల్లుతున్నందుకు స్వమతస్థులు అతణ్ణి ఆక్షేపించారు. రెండు గడపల దగ్గరా నిలబడిన కవి అతడు. 1964లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందిన ‘క్రీస్తు చరిత్ర’ కూడా అతనిదే. కనుక ‘గబ్బిలం’లో శివునికి మొర పెట్టుకోవడం కవి వ్యక్తిగత ఆరాధనా క్రమంలో భాగం కాదు. అన్యాయం ఏ దేవుని పేరున జరుగుతున్నదో ఆ దేవుణ్ణే పిలవాలన్న నిర్ణయం అందులో ఉంది. తన పాఠకులు ఎవరి మాట కాదనలేరో వారిని సాక్షిగా ఎంచుకున్నాడు.

తలుపూ చెవీ

ఈ కావ్యం వచ్చిన కాలాన్ని గుర్తుంచుకోవాలి. 1930లో నాసిక్ కాలారామ మందిరం దగ్గర అంబేడ్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం మొదలైంది. 1935లో యేవలాలో తాను హిందువుగా చనిపోనని ఆయన ప్రకటించాడు. 1936లో తిరువాన్కూరు సంస్థానం ఆలయ ప్రవేశ ప్రకటన చేసింది. 1939లో మదురై మీనాక్షి ఆలయంలో దళితులు ప్రవేశించారు. ఆలయ ప్రవేశానికి సంబంధించి అదే ఏడాది మద్రాసు రాష్ట్రంలో ఒక చట్టం వచ్చింది, 1947లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. 1941లో ‘గబ్బిలం’ వెలువడే నాటికి గుడి తలుపు గురించిన వాదం చట్టసభలకు చేరింది.

అయినా జాషువా నాయకుడు తలుపు తెరవమని అడగడంతో సరిపెట్టుకోలేదు. తన మాట వినమన్నాడు. తలుపుకూ చెవికీ మధ్య ఉన్న ఈ తేడా చిన్నది కాదు. చట్టం తలుపు తెరిపించగలదు. గుడిలోకి వెళ్ళినవాడి కథను లోపలివారు వినేలా చేయడం చట్టానికి సాధ్యం కాదు. ప్రవేశించినవాడు మౌనంగా దండం పెట్టుకొని తిరిగి రావచ్చు. అప్పుడు సమాజం తన ఔదార్యాన్ని తాను మెచ్చుకుంటుంది, కర్మ సిద్ధాంతం మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అంబేడ్కర్ 1956లో బౌద్ధంలోకి నడిచినప్పుడు ఆ తలుపునే వదిలేశాడు. జాషువా తలుపును వదలలేదు, తలుపుతో తృప్తి పడనూ లేదు. ఈ రెండు మార్గాల్లో ఏది సరైనదన్న చర్చ దళిత సాహిత్య విమర్శలో నేటికీ సజీవమే. ఆ చర్చలో జాషువాను ‘వేడుకున్నవాడు’గా లెక్కించడం మాత్రం కావ్య పాఠానికి విరుద్ధం. వేడుకునేవాడు రుజువు అడగడు.

ఇంతా చెప్పిన తర్వాత ఈ మార్గానికి ఉన్న పరిమితిని కూడా గుర్తించాలి. ఈశ్వరుణ్ణి న్యాయమూర్తిగా అంగీకరించడమంటే తీర్పు ఆలస్యమైనా భరించడానికి ఒప్పుకోవడం. ఆ ఆలస్యం ఎవరికి లాభమో చరిత్ర చెబుతూనే ఉంది. విశ్వాసం ఇచ్చిన నోరు దేవునితోనే మాట్లాడి ఆగిపోతే, మనుషులతో మాట్లాడవలసిన మాట మిగిలిపోతుంది. ‘గబ్బిలం’ ఈ ప్రమాదం నుంచి తప్పించుకున్నది కావ్యంగా మారడం వల్లనే. సందేశం శివునికి, కావ్యం పాఠకునికి. పూజారి చాటున శివుని చెవిలో చెప్పవలసిన మాట అచ్చులో పూజారి కూడా చదివే మాట అయింది.

ముగింపు

మత విశ్వాసం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ‘గబ్బిలం’ జవాబు ఇవ్వదు. ఎవరి చేతిలోని విశ్వాసం, ఎవరి నోటికి ఏం చేసింది అన్న ప్రశ్న వేయమంటుంది. కర్మ పేరున సమాజం చేతిలో ఉన్న విశ్వాసం బాధితుణ్ణి నేరస్థునిగా నిలబెట్టింది. ఈశ్వరుని పేరున ఆ బాధితుని చేతిలో ఉన్న విశ్వాసం అతణ్ణి ఫిర్యాదిగా నిలబెట్టింది. రెండూ మతంలోనివే. వాటి మధ్య జరిగే వ్యాజ్యమే ఈ కావ్యం.

తరగతి గదిలో ఈ పద్యాలను కరుణ రసానికి ఉదాహరణలుగా మాత్రమే బోధించినంత కాలం విద్యార్థి కంట తడి పెట్టి పుస్తకం మూస్తాడు. కర్మకు రుజువు అడిగిన చోట కాసేపు ఆపి, ఆ రుజువు ఎవరు చూపాలని అడిగితే, కన్నీటి బదులు ఆలోచన మొదలవుతుంది. చెన్నయ్య అంబలి, తిన్నని కన్ను, అరుంధతీ సుతుని మాట అన్నవి వేర్వేరు పాఠ్యాంశాలుగా కాక ఒకే చరిత్రలోని మూడు ఘట్టాలుగా బోధించగలిగితే, తెలుగు సమాజంలో విశ్వాసం ఎక్కడ మనిషిని నిలబెట్టిందో, ఎక్కడ కట్టిపడేసిందో విద్యార్థికి తన సాహిత్యంలోనే కనిపిస్తుంది.